లైన్‌లోనే ఉండండి

మియాపూర్,
జూన్ రెండో వారం

చిరంజీవి లోహిత్‌కి,

వదిన ఆశీస్సులు. ఫోన్ చేతిలో ఉండగా ఈ ఉత్తరాలేమిటని నవ్వుకుంటావని తెలుసు. ఫోన్ చేస్తే మీ అన్నయ్య పక్కనే చెవి రిక్కించుకుని కూర్చుంటారు. ఆ మాట అటు అత్తయ్యకూ, అక్కణ్నుంచి ఆమనికీ చేరుతుంది. నీ భార్యకు ఐదో నెల, అసలే బీపీ అంటున్నారు, మన ఆఫీసు గోల దాని చెవిన పడకూడదు. అందుకే నీ సొంత మెయిల్‌కి రాస్తున్నాను. ఆఫీసు మెయిల్‌కి మాత్రం జవాబు రాయకు, మహానుభావా.

నువ్వు గీసిచ్చిన కొత్త పద్ధతి మా అంబులెన్స్ సెంటర్‌లో మొదలై రెండు నెలలు దాటింది. నువ్వేమో ఫోన్లెత్తే మా ఫ్లోర్‌ని చక్కబెట్టి, ఇప్పుడు విశాఖ సెంటర్‌ని చక్కబెట్టడానికి వెళ్లావు. ఇక్కడ ఎలా ఉందో చెప్పే మనిషి ఒకరుండాలిగా.

ఇంతకుముందు ఫోన్ ఎత్తిన మనిషే చివరిదాకా ఉండేది. చిరునామా ఆవిడే అడిగేది, బండిని ఆవిడే పంపేది. రోగిని ఆస్పత్రిలో దించాక డ్రైవర్ మళ్లీ ఆవిడకే ఫోన్ చేసి ఏం జరిగిందో చెప్పేవాడు. దాన్ని మేం తిరుగు ఫోన్ అనేవాళ్లం. చెప్పడమంటే చాలాసార్లు తిట్టడమే. 'ఏందక్కా, గా సందుల బండి మల్లుతదా? ఇంకోపారి బడి దిక్కుకెల్లి పంపు' అని యాదగిరి అరిస్తే నేను ఫోన్ దూరంగా పెట్టుకునేదాన్ని. మధ్యాహ్నం క్యారేజీలు విప్పేసరికి ఆ సందు సంగతి ఫ్లోర్ అంతటికీ తెలిసిపోయేది. నేను పని నేర్చుకున్నది ఆ తిట్లలోనే.

ఇప్పుడు ఒకరు అడుగుతారు, ఒకరు బండి పంపుతారు, ఇంకొకరు బండి చేరేదాకా ఇంటివాళ్లతో లైన్‌లో ఉంటారు. డ్రైవర్ చేరగానే మీట నొక్కుతాడు. కథ కంచికి, మనం ఇంటికి. రోగి బతికాడో లేదో, దారి దొరికిందో లేదో ఎవరికీ తెలియదు.

ఫ్లోర్ ప్రశాంతంగా ఉంది లోహిత్. కొత్త పిల్లలు నవ్వుతూ మర్యాదగా మాట్లాడుతున్నారు. వాళ్లకు పని నేర్పేదాన్ని నేను, కానీ రెండు నెలలుగా నాకే కొత్త సంగతి ఒక్కటీ తెలియలేదు. నాకు తెలియనిది వాళ్లకేం నేర్పను?

ఆమని బాగానే ఉంది. ఆవకాయ దాచిపెట్టామని అత్తయ్య మీద అలిగింది.

నీ వదిన
ప్రవీణ

~

విశాఖపట్నం,
జూన్ ఆఖరు

మహారాజశ్రీ వదినగారికి,

మరిది అనేక నమస్కారాలు. నీ ఉత్తరం చదివి మా హోటల్ బాల్కనీలో ఒక్కడినే పకపకా నవ్వాను. డ్రైవర్లు తిట్టడం లేదని బెంగపెట్టుకున్న ఉద్యోగి ఈ భూమ్మీద నువ్వొక్కదానివే.

తిరుగు ఫోన్లు తీసేసే ముందు నేను కూర్చుని విన్నాను వదినా. సగం పని మాటలు, సగం యాదగిరి కూతురి పెళ్లి సంబంధాలు. నువ్వు ఒక సంబంధం వద్దని కూడా చెప్పావు. ఆ సమయంలో ఇంకో కాల్ మోగుతూ ఉండేది.

ఇంకొకటి గుర్తు చేస్తాను, కోపం తెచ్చుకోకు. కృష్ణప్రియ మానేసి వెళ్లినప్పుడు ఏమైంది? నానక్‌రామ్‌గూడ వైపు దారులన్నీ ఆమె బుర్రలోనే ఉండేవి. ఆమెతో పాటే వెళ్లిపోయాయి. ఆ వారం బండి ఒకే వీధి చుట్టూ తిరుగుతుంటే నువ్వు బాత్రూంలోకి వెళ్లి ఏడ్చావని అన్నయ్య చెప్పాడు. తెలివి మనుషుల తలల్లో ఉంటే వాళ్లతోనే పోతుంది. అందుకే దాన్ని యంత్రంలో పెట్టాను. డ్రైవర్ చేరామని మీట నొక్కిన ప్రతిసారీ ఏ దారిన త్వరగా వచ్చాడో అది గుర్తుపెట్టుకుంటుంది, రేపు అందరినీ ఆ దారినే పంపుతుంది. అది అలగదు, సెలవు పెట్టదు, ఎక్కువ జీతానికి పక్క కంపెనీకి పోదు.

పాత పద్ధతిలో జనం కంగారుపడి ఫోన్ పెట్టేసేవాళ్లు. గుండె మీద ఎలా నొక్కాలో చెబుదామంటే అవతల మనిషే ఉండేవాడు కాదు. ఇప్పుడు 'దయచేసి లైన్‌లోనే ఉండండి' అంటున్నారే, ఆ వాక్యం నేను రాసిందే. దాన్ని తప్పకుండా అన్నవాళ్లకే పూర్తి మార్కులు. నా ఉద్యోగంలో నాకు బాగా గర్వంగా ఉన్నది అదే. బండి చేరే సమయం ఎంత తగ్గిందో మీ గోడ మీది తెర చూడు, అంతా ఆకుపచ్చే.

ఆమనికి ఆవకాయ ఊట కొంచెం వెయ్యండి, పాపం. అలిగితే నాకు ఫోన్ చేసి ఏడుస్తుంది.

నీ మరిది
లోహిత్

~

హైటెక్ సిటీ, ఆఫీసు క్యాంటీన్ నుంచి,
జూలై మధ్య

లోహిత్,

నవ్వులు పక్కన పెట్టి చదువు.

నిన్న స్కూటీ తీద్దామని కింద పార్కింగ్‌లోకి వెళితే యాదగిరి బండికి ఆనుకుని టీ తాగుతున్నాడు. పలకరించాను. మామూలుగా అయితే నన్ను ఆటపట్టించేవాడు. నిన్న తల ఎత్తలేదు. 'మేడమ్, నార్సింగి కాడ పెద్దమనిషి పానం పోయింది, మీకెరికేనా?' అన్నాడు. నాకెలా తెలుస్తుంది?

అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. 'గేటు కాడ ఆపిండ్రు. ఓనర్ ఫోన్ ఎత్తి సరే అంటేనే ఇడుస్తం అన్నరు. అంబులెన్స్ భాయ్, జర ఇడువుండ్రి అంటే, మొన్న దొంగలు గిట్లనే ఏదో బండిల అచ్చిండ్రు, అసోసియేషన్ రూల్ అన్నరు. ఓనర్‌కి కొడితే బిజీ, కొడితే బిజీ. నేను గోడ దుంకి పోత అన్న. పట్టుకున్నరు. ఇగ లోపలికి పొయ్యేసరికి అయిపోయింది మేడమ్.'

పైకి వెళ్లి ఆ కాల్ రికార్డింగ్ విన్నాను. ఇంటావిడ ఫోన్ ఎందుకు బిజీయో తెలుసా? మనతో మాట్లాడుతోంది కాబట్టి. గేటు కాపలావాళ్లు వాడే యాప్ నుంచి ఆవిడకు పదేపదే ఫోన్ వస్తోంది. 'ఏదో ఫోన్ వస్తోందమ్మా' అని ఆవిడ అంటూనే ఉంది. మన రసజ్ఞ, కొత్తగా చేరిన పిల్ల, ఎంతో ఓపికగా 'లైన్‌లోనే ఉండండి ఆంటీ, బండి వచ్చేసింది' అంటూనే ఉంది. ఆవిడ బుద్ధిగా విన్నది. మొగుడు పక్కనే పోయాడు.

ఆ కాల్‌కి రసజ్ఞకు పూర్తి మార్కులు వచ్చాయి. తెర మీద ఆకుపచ్చ. ఎందుకంటే యాదగిరి గేటు దగ్గరే మీట నొక్కాడు. నొక్కకపోతే ఆలస్యమని అతని పేరు ఎర్రగా వస్తుంది. నీ యంత్రం ఆ గేటు మంచి దారి అని రాసుకుంది. ఇక మీదట అందరినీ అక్కడికే పంపుతుంది. అది నేర్చుకోవడం లేదని నేను అనను నాయనా, చక్కగా నేర్చుకుంటోంది. తప్పుడు పాఠం నేర్చుకుంటోంది.

పాత రోజుల్లో అయితే ఆ సాయంత్రమే యాదగిరి నన్ను తిట్టి ఉండేవాడు. మర్నాటి నుంచి ఫ్లోర్‌లో ప్రతి ఒక్కరూ 'గేటు నుంచి ఫోన్ వస్తుంది, ముందు అది ఎత్తండి, మేం మళ్లీ చేస్తాం' అని చెప్పేవాళ్లు. ఒక్క ప్రాణంతో నేర్చుకునేవాళ్లం. ఇప్పుడు ఎన్ని పోతే నేర్చుకుంటాం?

మీ తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లకు కూడా అదే యాప్. మొన్న నేను వచ్చినప్పుడు అత్తయ్య స్నానంలో ఉండి ఫోన్ ఎత్తలేదని నన్ను ఎండలో నిలబెట్టారు. నాకు భయంగా ఉంది లోహిత్, నిజంగా భయంగా ఉంది.

ప్రవీణ

~

విశాఖపట్నం,
జూలై ఆఖరు

వదినా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేక కాదు, ముందు లెక్క తేల్చుకుని రాద్దామని ఆగాను. ఇలాంటివి ఇంకెన్ని జరిగాయో చూద్దామని మన రికార్డులన్నీ తిరగేశాను.

చూడలేకపోయాను. పాత పద్ధతిలో డ్రైవర్లకు రెండు మీటలుండేవి. చేరామని ఒకటి, రోగిని చూశామని ఇంకొకటి. రెండోది నొక్కడం చాలామంది మర్చిపోయేవాళ్లు, లెక్కలు గజిబిజి అయ్యేవి. అందుకని దాన్ని నేనే తీసేశాను. తీసేసినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు గేటుకీ గుమ్మానికీ మధ్య ఏం జరిగిందో తెలుసుకునే దారి లేదు. నార్సింగి ఒక్కటేనా, ఇంకా ఉన్నాయా, నాకు తెలియదు వదినా. నాకే కాదు, ఎవరికీ తెలియదు.

మార్పు కోరుతూ దరఖాస్తు పెట్టాను. కమిటీ వచ్చే మూడు నెలల్లో చూస్తుందట. ఒక్క ఘటనకి పద్ధతి మార్చలేమన్నారు. ఇంకో ఘటన చూపించమన్నారు. చూపించే మీట నేనే పీకేశాను కదా.

ఆమనికి ఏమీ చెప్పకు. అమ్మకి అసలే చెప్పకు. వాళ్లు భయపడితే ఆ బీపీ ఇంకా పెరుగుతుంది.

లోహిత్

~

మియాపూర్,
ఆగస్టు మొదటి వారం

లోహిత్,

నీ కమిటీ కూర్చునే దాకా జనం ఆగి జబ్బుపడరు కాబట్టి నేనే ఒక పని చేశాను. టీ తాగేటప్పుడు పిల్లలందరినీ పోగేసి నార్సింగి సంగతి చెప్పాను. గేటున్న అపార్ట్‌మెంట్ అయితే ఫోన్ పెట్టేయమనండి, గేటు వాళ్లది ఎత్తమనండి, మళ్లీ మనమే చేద్దాం అన్నాను. రసజ్ఞ ముఖం పాలిపోయింది. 'అక్కా, ఆ అంకుల్ పోయారా? నేను బాగానే చేశాననుకున్నాను' అని నా చెయ్యి పట్టుకుంది.

మర్నాడే అది నేను చెప్పినట్టు చేసింది. కొండాపూర్‌లో ఎవరికో బండి సాఫీగా లోపలికి వెళ్లింది. లైన్ తెగింది కాబట్టి దానికి సున్నా వేశారు. మా మేనేజర్ సంధ్య పిలిచి, ఇంకొక్క సున్నా వస్తే ఉద్యోగం ఉండదని చెప్పింది. ఆ పిల్ల జీతంతోనే తమ్ముడి చదువు నడుస్తోంది. తర్వాత సంధ్య నన్ను పిలిచింది. 'ప్రవీణగారూ, మీరు సొంత పద్ధతులు నేర్పితే నేను పైవాళ్లకేం చెప్పాలండీ? మన నంబర్లు చూడండి, ఇంత బాగా ఎప్పుడున్నాయి?' అంది. అరవలేదు. టీ కూడా ఇప్పించింది. ఆ రోజు నుంచి నన్ను ఫ్లోర్ మీదికి రానివ్వడం లేదు, బిల్లుల విభాగంలో కూర్చోబెట్టారు. ఇప్పుడు అక్కడ ఆ సంగతి తెలిసి చెప్పే నోరు ఒక్కటీ లేదు.

ఇక ఇంటి సంగతి. ఆమనికి ఏడో నెల వచ్చింది. కాళ్లు బాగా వాచాయి. తలనొప్పి ఎక్కువైనా, కళ్లు మసకబారినా క్షణం ఆలస్యం చేయకుండా తీసుకురమ్మని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మా ఇంటికి తెచ్చుకుంటానన్నాను. 'మూడో అంతస్తు, లిఫ్టు సగం రోజులు పనిచేయదు, అక్కడేం సుఖం?' అని అత్తయ్య ఒప్పుకోలేదు. నిజం చెబితే ఒప్పుకునేదేమో. నువ్వేమో చెప్పొద్దన్నావు. నీ మొగుడు కట్టిన దారిలో వెళ్లకమ్మా అని కడుపుతో ఉన్న పిల్లకు నేనెలా చెప్పను?

ప్రవీణ

~

విశాఖపట్నం,
ఆగస్టు మధ్య

వదినా,

ఒక్కటే మాట. ఆమనికి ఏమైనా అయితే అంబులెన్స్‌కి చేయొద్దని చెప్పు. కారణం చెప్పకు. అన్నయ్యకి ఫోన్ చేయమను, కారులో తీసుకెళ్లండి. అన్నయ్య ఆఫీసు గచ్చిబౌలిలోనే కదా, ఎంతసేపు.

ఇక్కడ విశాఖలో ఎల్లుండి కొత్త పద్ధతి మొదలుపెడుతున్నారు. పంతులుగారితో ముహూర్తం కూడా పెట్టించారు. నేను కాగితాల మీద సంతకం చేశాను. చేయకపోతే నా బదులు ఇంకొకరు చేస్తారు, నేను లోపలుంటే మెల్లగా మార్చవచ్చు అనుకున్నాను. నిద్ర పట్టడం లేదు.

లోహిత్

~

మియాపూర్,
మర్నాడే

లోహిత్,

నీ పెళ్లానికి ఒక దారి, విశాఖ జనానికి ఒక దారా?

ఆమనికి నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. 'ఏదైనా అయితే బావగారికి చెయ్యి తల్లీ' అన్నాను. ఎందుకని అడిగింది. ఊరికేనే అన్నాను. అత్తయ్య వంటింట్లో ఉంది, వినలేదు.

ప్రవీణ

~

మియాపూర్,
సెప్టెంబరు మూడో వారం

లోహిత్,

నువ్వు తిరిగి విశాఖ వెళ్లి వారమైంది. పాప నిన్న మొదటిసారి గట్టిగా ఏడ్చింది. ఆ అద్దాల పెట్టె బయట నిలబడి నేనూ, ఆమనీ, అత్తయ్యా ముగ్గురం దాంతో పాటు ఏడ్చాం. ఆమనికి చూపు బాగా తేరుకుంది, నిన్న వార్డులో గోడ గడియారం చదివింది. పాప సంగతే డాక్టర్లు ఇంకా ఏమీ చెప్పడం లేదు. కొంచెంసేపు దానికి ఊపిరి అందలేదట. ఎదిగే కొద్దీ తెలుస్తుంది, కంగారు పడకండి అంటున్నారు. కంగారు పడొద్దని వాళ్లు అన్నప్పుడల్లా నాకు కంగారు ఇంకా ఎక్కువవుతోంది.

నువ్వు ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ నీకు నిజం చెప్పలేదు. బండి ఎందుకు ఆలస్యమైందని నువ్వు అడిగితే ట్రాఫిక్ అన్నాను. వానాకాలం, ఐకియా దగ్గర నీళ్లు నిలిచాయి అన్నాను. నువ్వు నమ్మావు. నమ్మావో, నమ్మాలనుకున్నావో.

ట్రాఫిక్ కాదు లోహిత్.

ఆ మధ్యాహ్నం ఆమనికి ఫిట్స్ రాగానే అత్తయ్య మొదట చేసింది మీ అన్నయ్యకి కాదు. నా కొడుకు పెట్టిన అంబులెన్స్ ఉండగా ఇంకెవరో ఎందుకని, మన నంబరుకే చేసింది. ఎంత గర్వంగా చేసి ఉంటుందో. ఎందుకు చేయకూడదో మనం ఆవిడకు చెప్పలేదు కదా. ఫ్లోర్‌లో నోళ్లు మూయించారని సంధ్యను తిట్టుకున్నాను. మన ఇంట్లో ఆ పని చేసింది మనమే.

లైన్‌లో ఉన్నది రసజ్ఞ. మన ఇల్లని దానికి తెలియదు. రికార్డింగ్ నాకు ఇవ్వనన్నారు. రసజ్ఞే హెడ్‌ఫోన్ నా చెవికి పెట్టి వినిపించింది. వింటున్నంతసేపూ అది నా ముఖం చూడలేదు. అత్తయ్య అంటుంది: 'మధ్యలో ఇంకో ఫోనేదో గీపెడుతోంది తల్లీ, ఎత్తి మళ్లీ నీకు చేస్తాను.' రసజ్ఞ అంటుంది: 'వద్దండి, లైన్‌లోనే ఉండండి, బండి వచ్చేసింది.' అత్తయ్య అంటుంది: 'పెట్టనులే బంగారం, నువ్వు చెప్పినట్టే వింటాను.' వెనకాల ఆమని గురక లాంటి చప్పుడు. అత్తయ్య మళ్లీ మళ్లీ, 'వచ్చేసిందా బంగారం?' వచ్చేసింది. గేటు దగ్గరే నిలబడి ఉంది.

'మీరు చెప్పింది గుర్తుంది అక్కా, నోటిదాకా వచ్చింది, ఇంకొక్క సున్నా వస్తే తీసేస్తామన్నారు కదా' అని రసజ్ఞ నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. దాన్ని కొట్టాలనిపించింది. కొట్టలేక తల నిమిరాను.

గేటు వాళ్లు అత్తయ్య నంబరు దొరక్క రెండో నంబరుకి కూడా చేశారట. మీ ఫ్లాటుకి రెండో నంబరు ఎవరిదో నేను రాయను. చివరికి వెనక కారులో వచ్చినవాళ్లెవరో దిగి కేకలేస్తే గేటు తీశారు.

అత్తయ్యకి ఇవేవీ తెలియవు. ఆ అమ్మాయి చివరిదాకా తోడుందని, ఆ అమ్మాయికి చీర పెట్టాలని అంటోంది.

ప్రవీణ

~

విశాఖపట్నం,
సెప్టెంబరు ఆఖరు

వదినా,

రెండో నంబరు నాది. ఆ రోజు ట్రైనింగ్ గదిలో ఉన్నాను, అక్కడ ఫోన్లు లాకర్లో పెట్టాలనే నియమం కూడా నేను పెట్టిందే. బయటికి వచ్చి చూస్తే గేటు నుంచి వచ్చిన కాల్స్ ఉన్నాయి. కొరియర్ అబ్బాయి అనుకున్నాను.

కానీ నేను రాయాల్సింది అది కాదు. నీ ఉత్తరంలో అమ్మ అన్న మాటలు రాశావు చూడు, 'పెట్టనులే బంగారం, నువ్వు చెప్పినట్టే వింటాను' అని. ఆ మాటలు నేను నీ ఉత్తరం కంటే ముందే విన్నాను.

ప్రతి నెలా మంచి మార్కులు వచ్చిన కాల్స్‌ని యంత్రమే ఏరి, పేర్లు తీసేసి, గొంతులు మార్చి ఇక్కడికి పంపుతుంది. కొత్తవాళ్లకు వినిపించి నేర్పాలి. ఈ నెల వచ్చిన వాటిలో అన్నిటికన్నా పైన ఉన్నది అదే. బండి అతి త్వరగా చేరిన కాల్ అట. అమ్మ గొంతు ఎవరో ముసలాయన గొంతులా మారిపోయింది. నేను పోల్చుకోలేదు వదినా. హైదరాబాద్ నుంచి తిరిగొచ్చాక రెండు బ్యాచ్‌లకు దాన్ని వినిపించాను. ఒక్కో బ్యాచ్‌కి రెండేసి సార్లు. 'చూడండి, అవతలి మనిషి ఫోన్ పెట్టేయబోతే ఎంత నేర్పుగా ఆపిందో. మీరూ ఇలాగే ఆపాలి' అని చెప్పాను. మెల్లగా మార్చవచ్చని లోపల ఉండిపోయిన మనిషిని నేనే. పిల్లలు రాసుకున్నారు. ఆ వెనకాల వినిపించే చప్పుడు ఏమిటి సార్ అని ఒకబ్బాయి అడిగితే, ఫ్యాన్ అయి ఉంటుంది అన్నాను.

ఫ్యాన్ కాదు, ఆమని.

నీ ఉత్తరం చదవగానే వెళ్లి మా పెద్దాయన పట్టాభిరామయ్యగారికి అంతా చెప్పాను. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చాను. ఆయన పాపం మంచివాడే, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. 'అమ్మాయి ఎలా ఉందయ్యా ఇప్పుడు?' అని అడిగారు. ఆపే అధికారం తనకు లేదని, వచ్చే మీటింగులో తప్పకుండా పెడతానని అన్నారు. నేను ఆ కాల్ వినిపించిన రెండింటిలో మొదటి బ్యాచ్ సోమవారం నుంచి ఫోన్లు ఎత్తుతోంది.

ఫ్లోర్ మీదికి పరుగెత్తాను. గేటుంటే ఫోన్ పెట్టేయమని చెప్పండి అని ఒక్కో కుర్చీ దగ్గరికీ వెళ్లి చెప్పబోయాను. పిల్లలు నా వంక భయంగా చూశారు. నిన్న ఒకలా, ఇవాళ ఒకలా చెబుతున్నానని వాళ్లకు అనుమానం. మధ్యాహ్నానికి నా కార్డు లోపలికి పనిచేయడం మానేసింది.

కింద లిఫ్టు దగ్గర ఆ బ్యాచ్‌లోని ఒకమ్మాయి ఎదురైంది. ముఖం వెలిగిపోతోంది. 'సార్, మీరు వినిపించిన కాల్‌లో లాగే చేశానండీ. ఆయన మధ్యలో ఇంకో ఫోన్ వస్తోంది, పెట్టేస్తానన్నారు. పెట్టనివ్వలేదు. మొదటి కాల్‌కే నూటికి నూరు వచ్చాయండీ' అంది.

ఎవరికి బాగాలేదని అడిగాను. 'ఆయన భార్యకండీ, ఆయాసం' అంది.

ఆవిడకు ఎలా ఉందమ్మా అని అడిగాను. ఆ పిల్ల ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి, 'అది మనకు తెలియదు కదండీ సార్' అంది.

చిరునామా అడిగి తీసుకున్నాను. మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్. ఇప్పుడు దాని ఎదురుగా రోడ్డుకి ఇవతల కూర్చుని నీకు ఇది రాస్తున్నాను. ఇది పంపగానే లోపలికి వెళతాను. వెళ్లి ఏమని చెప్పుకోవాలో తెలియదు. తలుపు కొడతాను వదినా. ఎవరు తీస్తారో అని చచ్చేంత భయంగా ఉంది.

లోహిత్